పరీక్ష లేని తూటా, పత్తా లేని సర్కారు

అడవి పందిని కాల్చుకోమని కాగితం రాసిచ్చే సర్కారు, దేంతో కాల్చాలో మాత్రం చెప్పదు. ఎంత దూరం నుంచి కాల్చాలో చెప్పదు. ఆ తూటా పంది ఒంట్లో ఏం చేస్తుందో, ఒంటిని దాటితే ఎక్కడికి పోతుందో అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. నిజామాబాద్ పట్నం పొలిమేర దాటింది మొదలు ఎడపల్లి, బోధన్, రుద్రూరు, వర్ని, కోటగిరి దాకా పరుచుకున్న చెరుకు, మక్క, సోయా పొలాల్లో ఈ నిర్లక్ష్యాన్ని రైతు భరిస్తున్నాడు, కోతకొచ్చిన కూలీ భరిస్తున్నాడు. పొట్టలో తూటాతో చెరుకులోకి దూరి, ఎప్పటికో గానీ చావని పంది కూడా భరిస్తోంది.

పంది చేసే నష్టం చిన్నదని మేం అనడం లేదు. మక్క కంకి పాలు పోసుకునే వేళకు మంద దిగుతుంది. కంకి అందదు కాబట్టి కర్రను మొదట్లోనే విరిచి పడేస్తుంది. తినేది పిడికెడు, తొక్కేది గుంటెడు. చెరుకులో దిగిందంటే గడను నేలకు జానెడెత్తున కొరికి, రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. ఆ గడ పడుతూ పక్క గడలను పడేస్తుంది, పడ్డ గడకు కణుపుల దగ్గర వేర్లు పుడతాయి, తూకం పోతుంది. పసుపు బోదెలను ముట్టెతో ఎట్లా తిరగేస్తుందో చూసిన రైతుకు రాత్రి నిద్ర ఉండదు. తెల్లారి అటవీ బీటు అధికారి వచ్చి ఫొటో తీసుకుంటాడు, వ్యవసాయ విస్తరణాధికారి వచ్చి ఎకరాలు రాసుకుంటాడు. పరిహారం ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఈ ప్రాంతంలో పంది బెడదకు పంటల తీరు కూడా తోడైంది. 1937లో పునాది పడి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదనిపించుకున్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్‌లో తాళం వేసుకుంది. నిజాంసాగర్ నీళ్ల కింద ఒకే కట్టుగా సాగిన చెరుకు ముక్కలు ముక్కలైంది. ఇప్పుడు ఇక్కడో మూడెకరాల చెరుకు, దాని పక్కన మక్క, ఆ పక్కన సోయా, మధ్యలో బీడు. పందికి పగలు దాక్కోవడానికి చెరుకు, రాత్రి మేయడానికి మక్క, నీళ్లకు కాలువ, అన్నీ పిలుపు దూరంలోనే. ఫ్యాక్టరీ తెరిపించడానికి 2024 జనవరిలో మంత్రివర్గ ఉపసంఘం వేశారు. కమిటీలు వేయడంలో మన సర్కార్లు ఎన్నడూ వెనకబడలేదు. పంది సంగతి తేల్చడానికి కనీసం కమిటీ కూడా అక్కర్లేదు. ఒక ప్రయోగశాల, ఒక తుపాకీ, కొన్ని జెలటిన్ దిమ్మలు చాలు.

చట్టం ఏమంటుందో ముందు చూడాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. 11వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. మనిషి ప్రాణానికి గానీ, చేలో నిలిచిన పంటతో సహా ఆస్తికి గానీ ముప్పుగా మారిన జంతువును వేటాడడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతించవచ్చు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి షెడ్యూళ్లను తిరగరాసినా, అడవి పంది రెండో షెడ్యూల్లో చేరినా, ఆ వెసులుబాటు అట్లాగే ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఆ అధికారాన్ని సర్పంచుల దాకా దించింది. మంచిదే. కానీ 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి పల్లెలు ప్రత్యేకాధికారుల చేతికి పోయినప్పుడు పంది పదవీకాలం మాత్రం ముగియలేదు. ఎన్నికల షెడ్యూలు రాగానే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయమంటారు. 2023లో అక్టోబరు 9న షెడ్యూలు వచ్చింది, నవంబరు 30న పోలింగు. చెరుకు గడ నిండుగా నిలబడి ఉండే రోజులవి.

ఇదంతా ఎవరు కాల్చాలి, ఎప్పుడు కాల్చాలి, ఎవరి సంతకంతో కాల్చాలి అన్న లెక్క. దేంతో అన్న మాట 11వ సెక్షన్‌లో వెతికినా దొరకదు.

దొరికే చోట దొరికింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ ప్రస్తావన ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే గొట్టం మూతి నుంచి మందు కూరి కాల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంటుంది. అది సరిపోదని అధికారికి తోస్తే లోపల గాళ్లు లేని వేరే తుపాకీ, అంటే 12 బోర్ లాంటిది, ఇవ్వొచ్చంటుంది. మందు కూరే తుపాకీలో పడేది తుపాకీ మందు, గుడ్డపీలిక, చేతికందిన సీసం ముక్క, ఒక్కోసారి ఇనుప మేకుల తునకలు. ఒక కాల్పుకీ ఇంకో కాల్పుకీ పోలిక ఉండదు. వంద కిలోల మగ పంది భుజం మీద తోలు, దాని కింది గట్టి పొర కలిసి డాలు లెక్క ఉంటాయి. తోటి మగాళ్ల కోరలను కాచుకోవడానికి ఎదిగాక ఏర్పడే కవచం అది. దాని మీదికి ఈ తుపాకీని పంపి, పంట కాపాడుకో నాయనా అంటోంది చట్టం. ఇనుప తునక ఆ కవచంలో ఆగిపోతే పుండవుతుంది, పుండు పడ్డ పంది మనిషిని చూసి పారిపోదు.

ఇక లైసెన్సు రైఫిల్ ఉన్నవాళ్ల దగ్గర మామూలుగా కనిపించేది 315 బోర్. తుపాకీ ఇషాపూర్‌ది. తూటా పుణె పక్కన ఖడ్కీ ఫ్యాక్టరీది, అడుగున కేఎఫ్ అన్న ముద్ర ఉంటుంది. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక తూటాల పని మునిషన్స్ ఇండియా లిమిటెడ్‌కు, తుపాకుల పని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్‌కు పోయింది. రెండూ కేంద్రం కంపెనీలే. అంటే తూటా తయారుచేసేది సర్కారు, తుపాకీకి లైసెన్సిచ్చేది సర్కారు, పందిని కాల్చమనేది సర్కారు. ఈ ముగ్గురు సర్కార్లలో ఏ ఒక్కరూ ఈ తూటా పందిని సరిగ్గా చంపుతుందా అని ఒక కాగితం ముక్క రైతు చేతిలో పెట్టలేదు.

చూసే పద్ధతి లేకనా? దాదాపు నలభై ఏళ్లుగా ఉంది. దాని పేరు బాలిస్టిక్ జెల్. క్వారీల్లో పేల్చే జిలెటిన్ స్టిక్కులతో దీనికి సంబంధం లేదు. పశువుల ఎముక నుంచి, పంది తోలు నుంచి తీసే పొడి ఇది. మన హైదరాబాద్ మందుల కంపెనీలు క్యాప్సూల్ గుల్లకు వాడే జాతి సరుకే. తొమ్మిది పాళ్ల నీళ్లలో ఒక పాలు పొడి కలిపి, నురగ రాకుండా నెమ్మదిగా వేడిచేసి, అచ్చులో పోసి, 4 డిగ్రీల చలిలో ఒకటి రెండు రోజులు ఉంచితే తేనెరంగు దిమ్మ తయారవుతుంది. దాన్ని వెంటనే కాల్చేయరు. ముందు దిమ్మకే పరీక్ష పెడతారు. నాలుగున్నర మిల్లీమీటర్ల ఉక్కు గుండును సెకనుకు దాదాపు 180 మీటర్ల వేగంతో కొడతారు. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల లోతుకు పోవాలి, ఒక సెంటీమీటరు అటూ ఇటూ. అంతకు మించి పోయిందంటే దిమ్మ మెత్తబడింది, తక్కువ పోయిందంటే గట్టిపడింది. రెండిట్లో ఏదైనా ఆ దిమ్మను పక్కన పడేయాల్సిందే. నిజామాబాద్ మే నెల ఎండలో పెట్టె తెరిచి పావుగంట ఆలస్యం చేస్తే చాలు, లెక్క తప్పుతుంది.

అప్పుడు అసలు తూటా. పేలుడు చప్పుడుతో పాటే దిమ్మ ఉబ్బి, వణికి, మళ్లీ కూర్చుంటుంది. ఆ ఉబ్బు క్షణికం. సాగే కండ కూడా అట్లాగే విచ్చుకుని మూసుకుంటుంది. కానీ దిమ్మలో మిగిలిపోయిన సొరంగం, దాని చుట్టూ విచ్చిన చీలికలు తూటా చేసిన పనికి సాక్ష్యం. తూటా ఎన్ని సెంటీమీటర్లు పోయింది, ఏ లోతులో పువ్వులా విచ్చుకుంది, అడ్డంగా తిరిగిందా, ముక్కలై చెల్లాచెదరైందా అన్నది స్కేలు పెట్టి కొలుస్తారు. తూటాను బయటికి తీసి తూకం వేస్తారు. పోయేటప్పటి బరువులో ఎంత మిగిలిందో చూస్తారు. కంటికి కనిపించే లెక్క ఇది, ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

ఈ దిమ్మకు ఒక కథ ఉంది, మన విషయానికి అతికినట్టు సరిపోతుంది. వియత్నాం యుద్ధంలో గాయాలు కుట్టిన అమెరికా సైనిక శస్త్రవైద్యుడు డాక్టర్ మార్టిన్ ఫ్యాక్లర్ 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని లెటర్‌మన్ సైనిక పరిశోధన సంస్థలో పది శాతం జెలటిన్‌ను ఖరారు చేశాడు. దేంతో పోల్చి? పంది కాలి కండతో. మత్తిచ్చిన పందుల కండలో తూటా ఎంత లోతుకు పోతుందో చూసి, అంతే లోతుకు పోయేలా దిమ్మ చిక్కదనాన్ని కుదిర్చాడు. మనిషి గాయాన్ని అర్థం చేసుకోవడానికి ప్రపంచం పందిని ప్రమాణంగా పెట్టుకుంది. పందినే కాల్చబోతున్న మనకు ఆ ప్రమాణం అక్కర్లేకపోయింది.

దిమ్మ మీద కాల్చి చూడాలన్నది అమెరికా పోలీసులకు కూడా ఊరికే తట్టలేదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో కాల్పులు జరిగి ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. మొదట్లోనే దుండగుడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి దూరిన తూటా గుండెకు కాస్త ముందే ఆగిపోయింది, వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే పోయాడు. తూటా దెబ్బ తగలడం వేరు, పని చేయడం వేరు అని ఆ సంస్థకు అప్పుడు తెలిసొచ్చింది. జెల్‌లో కనీసం 30, మించితే 45 సెంటీమీటర్లు అన్న కొలత అప్పటి నుంచే పుట్టింది. అది చేతి తుపాకీకి, మనిషికి పెట్టుకున్న కొలత. అడవి పందికి ఎంతుండాలో మనమే తేల్చుకోవాలి. కాలూ భుజమూ అడ్డుపడే పక్కవాటు కాల్పుకు ఒక లెక్క, ముందుకాలి వెనక నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయే కాల్పుకు ఇంకో లెక్క.

ఇక్కడ తూటా రకాల సంగతి కొంచెం విప్పి చెప్పాలి, ఎందుకంటే పల్లెల్లో ఎక్కువ పొరపాటు ఇక్కడే జరుగుతోంది. సీసం చుట్టూ పూర్తిగా రాగి తొడుగున్న తూటా కండలో విచ్చుకోదు. సన్నటి దారి చేసుకుని అవతలికి పోతుంది. ముక్కు దగ్గర సీసం బయటికున్న తూటా తగలగానే ముందుభాగం చిట్లి వెడల్పై, తన శక్తిలో ఎక్కువ భాగం లోపలే వదులుతుంది. ఈ రెండో రకం పేరుమోసింది మన దేశంలోనే. 1890లలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే తయారుచేయించిన తూటా వాయవ్య సరిహద్దు పఠాన్ల మీద ప్రయోగమైంది. ప్రపంచం గగ్గోలు పెట్టింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో దాన్ని నిషేధించింది. సైనికుడి మీద వాడకూడదన్న ఆ తూటానే జంతువు మీద వాడి తీరాలని చాలా దేశాల వేట చట్టాలు రాసుకున్నాయి. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. సైనికుడు గాయపడి బతకాలి, జంతువు బాధ పడకుండా చావాలి. ఇంగ్లండ్‌లో 1991 జింకల చట్టం ప్రకారం విచ్చుకునే ముక్కున్న తూటా తప్పనిసరి. జర్మనీ చట్టమైతే అడవి పందికి కనీసం ఆరున్నర మిల్లీమీటర్ల తూటా ఉండాలనీ, వంద మీటర్ల దూరంలో దానికి 2,000 జూల్స్ శక్తి మిగిలి ఉండాలనీ అంకెలతో సహా రాసిపెట్టింది. పందిని కాల్చే జర్మన్ వేటగాడు ముందు పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోవాలి. మన దగ్గర పరీక్ష లేదు, అంకె లేదు, పంది మాత్రం ఉంది.

విచ్చుకునే తూటా ఉంటే చాలదు, అది విచ్చుకునే వేగంలో తగలాలి. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. ఒక హద్దు దాటాక సీసం ముక్కు కూడా రాగి తొడుగు తూటా లాగే సన్నదారి చేసుకుని పోతుంది. మరీ దగ్గర నుంచి కొడితే పైపైనే చిట్లి ముక్కలై లోపలికి దిగదు. 315 బోర్ తూటాకు ఆ హద్దులు రెండు వైపులా ఎక్కడున్నాయి? 30 మీటర్లకు, 60కి, 100కి మూడు దిమ్మలు పెట్టి కాలిస్తే ఒక్క పూటలో తేలిపోయే సంగతి. 12 బోర్‌లోనూ అంతే. తొమ్మిది గుండ్ల ఎస్‌జీ తూటా 20 మీటర్ల దగ్గర ఒక ముద్దగా తగులుతుంది, 40 మీటర్లకు పోయేసరికి గుండ్లు విడిపోయి ఒకటి రెండు మాత్రమే పందికి తగులుతాయి. ఆ ఒకటి రెండూ చంపవు. తలో చోట గుచ్చుకుని పందిని కుంటిదాన్ని చేస్తాయి. మన రైతు చీకట్లో టార్చి వెలుగున దూరం సరిగ్గా అంచనా వేయలేడు, అది అతని తప్పు కాదు. ఇంతకు మించి కాల్చొద్దు అని ఒక అంకె చెప్పకపోవడం సర్కారు తప్పు.

జెల్ దిమ్మ సర్వరోగ నివారిణి అనేవాళ్లను కూడా నమ్మక్కర్లేదు. దిమ్మలో ఎముక లేదు, తోలు లేదు, పేగులు లేవు, పరిగెత్తే భయం లేదు. పంది భుజపు కవచాన్ని దిమ్మ లెక్కలోకి తీసుకోదు. ఈ మధ్య అమ్ముతున్న పారదర్శకమైన కృత్రిమ జెల్ అయితే చలవ అక్కర్లేదు, మళ్లీ కరిగించి వాడుకోవచ్చు, వీడియోలకు అందంగా ఉంటుంది. కానీ అసలు జెలటిన్‌తో సమానంగా నడుచుకోదు. దిమ్మ చెప్పేది పోలిక మాత్రమే. ఈ తూటా ఆ తూటా కన్నా నయమా, ఈ దూరం ఆ దూరం కన్నా నయమా అన్నదాకే. ఆ పోలిక కూడా లేకుండా సాగుతున్న పని మీదే మా ఫిర్యాదు.

బోధన్ నేలకు మాత్రమే చెందిన ఒక పరీక్ష కూడా ఉంది, ప్రపంచంలో ఎవరూ మన కోసం చేసిపెట్టరు. చెరుకు తోటలో పంది ఎప్పుడూ ఖాళీ స్థలంలో నిలబడదు. తూటాకూ దానికీ మధ్య నీరు నిండిన గడలు నాలుగో ఐదో ఉంటాయి. మెత్తని సీసం ముక్కు గడకే చిట్లితే పందిని చేరేది ఏమిటి? దారి ఎంత తప్పుతుంది? రుద్రూరులో చెరుకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి చేలోంచే నాలుగు వరసల గడలు తెచ్చి దిమ్మ ముందు పాతి కాల్చి చూడొచ్చు. అమెరికా పుస్తకాల్లో దొరకని జవాబు అది.

పందిని దాటిన తూటా సంగతి అంతకన్నా పెద్దది. నిజాంసాగర్ కాలువల కింది నేల చదును. గుట్ట లేదు, కట్ట లేదు. కాస్త ఎత్తుకు గురిపెట్టి వదిలిన రైఫిల్ తూటా దేనికీ తగలకపోతే కిలోమీటర్లు పోతుంది. ఆ దారిలో చేను అంచున చెరుకు కోత ముఠాల గుడిసెలు ఉంటాయి. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు, పిల్లాపాపలతో. పొద్దున నాలుగింటికే లేచి చేలో దిగుతారు. అందుకే మన పెద్దవాళ్లు మంచె కట్టారు. మంచె మీద నుంచి కాలిస్తే తూటా కిందికి పోయి మట్టిలో దిగుతుంది. ఈ ఇంగితం చెప్పడానికి జెల్ కూడా అక్కర్లేదు. మంచె మీద నుంచే కాల్చాలన్న ఒక్క షరతు అనుమతి కాగితంలో రాయడానికి అటవీ శాఖకు ఏ బడ్జెట్టూ అవసరం లేదు. ఎందుకు రాయడం లేదో వాళ్లే చెప్పాలి.

తుపాకీ శాస్త్రం తెలిసినవాళ్లు మన రాష్ట్రంలో లేరా అంటే, ఉన్నారు. హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల ఉంది. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ప్రయోగశాల ఉంది. తూటా ఏ తుపాకీదో, ఎంత దూరం నుంచి వచ్చిందో తేల్చడంలో వాళ్లు ఉద్దండులు. కాకపోతే వాళ్ల దగ్గరికి తూటా చేరేది శవంలోంచి తీశాకే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, కాల్పు అయ్యాక కొలతలు మొదలవుతాయి. ఆదిలాబాద్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న యవత్మాల్ అడవుల్లో 2018 నవంబరు 2 రాత్రి అవని అనే ఆడపులిని కాల్చినప్పుడు ఇదే జరిగింది. తూటా ఏ వైపు నుంచి తగిలింది, మత్తుసూది ఎట్లా గుచ్చుకుంది అని నెలల తరబడి దేశమంతా వాదించుకుంది. బీహార్‌లో ఇంకా దారుణం. 2016 జూన్‌లో మొకామాలో నీల్‌గాయ్‌లను కాల్చడానికి హైదరాబాద్ నుంచి వేటగాళ్లు వెళ్లారు, కేంద్రంలో ఇద్దరు మంత్రులు బహిరంగంగా తగువులాడుకున్నారు. 2019లో వైశాలి జిల్లాలో తూటా తగిలినా చావని నీల్‌గాయ్‌ను జేసీబీతో గుంతలోకి తోసి మట్టి కప్పిన వీడియో బయటికొచ్చింది. కాలు కదుపుతున్న జంతువు మీద మట్టి పడుతుంటే చూసినవాళ్లకు ఒళ్లు జలదరించింది. అనుమతి కాగితం అక్కడా పక్కాగానే ఉంది. సరిగ్గా చంపే తూటా, తగిలిందో లేదో చూసే మనిషి, చావకపోతే వెంటనే రెండో కాల్పు, ఇవి లేవు. అట్లాంటి వీడియో ఏ వర్ని చెరుకు తోటలోనో తీసేదాకా ఆగాలా?

తుపాకీ సరిగ్గా పనిచేయదని తెలిసిన పల్లె ఇంకో దారి వెతుక్కుంటుంది, అదే మమ్మల్ని ఎక్కువ భయపెడుతోంది. చేను చుట్టూ బైండింగ్ వైరు లాగి, ఊరి లైను మీదికి కొక్కెం విసిరి కరెంటు ఇస్తున్నారు. సోలార్ కంచెలో కరెంటు క్షణంలో చిన్న భాగం సేపు కొట్టి ఆగుతుంది, జంతువు బెదిరి పారిపోతుంది. కొక్కెం కరెంటు ఆగదు, పట్టుకున్నవాణ్ని వదలదు. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన రైతు, పొలం గట్టున నడిచిన పక్కింటి పిల్లవాడు, మేతకు పోయిన బర్రె ఆ తీగకు బలైన వార్తలు జిల్లా పేజీల్లో పాఠకులు చదువుతూనే ఉన్నారు. ఇంకొందరు పిండిలో నాటుబాంబు పెట్టి వదులుతున్నారు. అది దవడను పేల్చేస్తుంది, చంపదు. 2020 మేలో కేరళలో గర్భంతో ఉన్న ఏనుగు నోట్లో పేలి దేశాన్ని ఏడిపించింది ఆ జాతి సరుకే. కొక్కెం వేసే రైతును పట్టుకుని కేసు పెట్టడం పోలీసు ధర్మం, పెట్టాల్సిందే. కానీ చట్టబద్ధమైన దారిని పనికిరానిదిగా మిగిల్చి, దొంగదారి తొక్కినవాణ్ని మాత్రమే దోషి అనడం పాలన అనిపించుకోదు.

అసలు కాల్చడమే వద్దనేవాళ్లు మాకు ఉత్తరాలు రాస్తారు. వాళ్ల మాటలో నిజముంది. ఆడపంది ఒక కాన్పులో నాలుగు నుంచి ఆరు పిల్లలు పెడుతుంది. తుపాకీ ఒక్కటే ఆ లెక్కను తగ్గించలేదు. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పిన చవక ఉపాయాలున్నాయి. మక్క చుట్టూ నాలుగు వరసల ఆముదం, పల్లి చుట్టూ ముళ్ల కుసుమ. వాసనకూ ముళ్లకూ పంది వెనక్కి తగ్గుతుంది. ఆ విత్తనాలు రాయితీ మీద పంటకు ముందే ఇస్తే సగం తుపాకులు పేలకుండానే మూలన పడతాయి. మేం మొదట అడిగేది అదే. కానీ సర్కారు ఇప్పటికే కాల్చమన్నది. అన్నాక, కాల్పు ఎట్లా ఉండాలన్నది దయాగుణం మీద వదిలేసే సంగతి కాదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం అనవసరమైన బాధ పెట్టొద్దంటుంది. అవసరమైన చావులో అనవసరమైన బాధ ఎంతో కొలిచే సాధనాన్ని పక్కన పెట్టి ఆ చట్టాన్ని పాటించామని ఎవరూ చెప్పుకోలేరు.

సీసం మాట ఒకటి మిగిలింది. విచ్చుకునే తూటా లోపల చిట్లినప్పుడు సన్నని సీసం పొడి గాయం చుట్టూ జానెడు దూరం దాకా చిమ్ముతుంది. జెల్ దిమ్మను వెలుతురుకు పట్టి చూస్తే ఆ చుక్కలు కనిపిస్తాయి. డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుంచి సీసం తూటాలతో వేటనే ఆపేసింది. మన దగ్గర కాల్చిన పందిని లోతుగా పూడ్చకపోతే, లేదా చీకట్లో ఎవరో కోసుకుపోతే, ఆ సీసం కుక్కలకో, గద్దలకో, మనుషుల విస్తళ్లకో చేరుతుంది. పంచనామాలో ఎంత లోతున పూడ్చారో రాసే గడి ఉండాలి.

చెరుకు కోతలు నవంబరులో ఊపందుకుంటాయి. ఈలోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయం రామంతాపూర్, రెడ్‌హిల్స్ నిపుణులను, విశ్వవిద్యాలయం వాళ్లను, మునిషన్స్ ఇండియా ప్రతినిధిని పిలిపించాలి. జిల్లా పోలీసు ఫైరింగ్ రేంజిలో 315 బోర్‌నూ 12 బోర్‌నూ మూడు దూరాల్లో జెల్ మీద, చెరుకు గడల వెనక పెట్టిన జెల్ మీద కాల్పించాలి. వచ్చిన అంకెలను తెలుగులో అచ్చువేసి అనుమతి కాగితానికి జతచేయాలి: ఈ తూటా, ఈ దూరం, మంచె మీద నుంచి, తగిలిన పందిని వెంటనే వెతికే మనిషి పక్కనుండగా. ఆ అంకెలకు తూగని తుపాకీకి అనుమతి ఇవ్వకూడదు, ముందు నుంచి మందు కూరే తుపాకీతో సహా. పరీక్ష రోజున ఎమ్మెల్యేలకు కుర్చీలు వేయాల్సిన పని లేదు. ఎడపల్లి, వర్ని చేలల్లో గుడిసెలు వేసుకున్న కోత ముఠా మేస్త్రీలను మాత్రం తప్పకుండా పిలవాలి. దిమ్మను చీల్చుకుని అవతలికి పోయిన తూటా వెనక మట్టికట్టలో ఎంత లోతుకు దిగిందో కర్ర పెట్టి చూడాల్సింది వాళ్లే.